పేస్‌మేకర్‌తో అలిపిరి మెట్లెక్కొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాయనకి 66 ఏళ్ళు, రెండు నెల్ల ముందు పేస్‌మేకర్ పెట్టినారు. అప్పట్నించీ ఎడమ చెయ్యి కదపకుండా కూర్చుంటా ఉండాడు. ఒంట్లో ఇనుము తుప్పు పడితే ఎట్లా అని ఒకటే దిగులు, ఇండక్షన్ స్టవ్ కూడా తీసేయమంటాడు. ఏటా మెట్లెక్కి కొండకి పోయే మనిషి, ఇప్పుడు నావల్ల కాదంటే చూడలేకుండా ఉండాం. ఎక్కొచ్చా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు చేతి సంగతి చెప్తా బాబూ, నాకు ఎక్కువ బాధ అనిపించింది అదే. పేస్‌మేకర్ అంటే గుండె సరిగ్గా కొట్టుకునేందుకు వైరు ద్వారా సన్నటి కరెంటు పంపే చిన్న డబ్బా. ఆ వైరు గుండెలో కుదురుకునేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి భుజం పైకి ఎత్తొద్దంటాం, అంతేగానీ అసలు కదపొద్దని కాదు, ఇట్లా కట్టేసినట్టు పెట్టుకుంటే భుజం బిగుసుకుపోతుంది. చెకప్‌లో వైరు బాగుందన్నారంటే ఇక మామూలుగా వాడమనండి.

ఇక తుప్పు సంగతి. ఆ డబ్బా ఇనుము కాదు, టైటానియం అనే లోహం. దాని పైన దానంతటదే సన్నటి ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, ఆ పొర వల్లే తుప్పు భయం లేదు, ఒళ్ళు కూడా దాన్ని తరిమేయాలని చూడదు. వైరు కొసన స్టెరాయిడ్ మందు రవ్వంత పెట్టి ఉంటుంది, ఎందుకంటే గుచ్చుకున్నచోట వాపొచ్చి మచ్చ మందంగా కడితే కరెంటు ఎక్కువ పంపాల్సొస్తుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్‌కి మొట్టమొదటిసారి ఒంట్లో పెట్టిన పేస్‌మేకర్ కొన్ని గంటల్లోనే ఆగిపోయింది, అయినా ఆయన మార్పించుకుంటా మార్పించుకుంటా మొత్తం 26 పేస్‌మేకర్లతో 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. ఈ మాట మీ నాయనకి తప్పకుండా చెప్పండి.

స్టవ్ తీసేయక్కర్లేదు, రెండడుగుల దూరం నిలబడితే చాలు. ఫోన్ మాత్రం చొక్కా జేబులో వద్దు, కొన్ని ఫోన్లలో అయస్కాంతాలుంటాయి, అయస్కాంతం మరీ దగ్గరకొస్తే పేస్‌మేకర్ గుండె చప్పుడు వినడం మానేసి ఒకే లెక్కన కొడతా పోతుంది, తీసేస్తే మళ్ళీ మామూలే.

ఇక మెట్లు. చాలా పేస్‌మేకర్లలో ఒంటి కదలికని పట్టే సెన్సర్ ఉంటుంది, నడిస్తే గుండె వేగం పెంచుతుంది. కానీ అది చూసేది కదలికనే, మనం పడే శ్రమని కాదు, అందుకే నిదానంగా మెట్లెక్కేటప్పుడు వేగం చాలినంత పెరగక ఆయాసం రావొచ్చు, దిగేటప్పుడేమో దడదడా దిగుతాం కాబట్టి ఎక్కువ పెరగొచ్చు. అలిపిరి నుంచి 3550 మెట్లు, గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు. కాబట్టి ఈసారి చెకప్‌కి పోయినప్పుడు 'నడుస్తా' అని ఊరుకోకుండా 'మెట్లెక్కుతా' అని విడిగా చెప్పమనండి, కోత లేకుండా పైనుంచే మిషన్‌తో సెట్టింగ్ మార్చొచ్చు. గుండె పంపింగ్ ఎంతుందో కూడా చూసి ఎక్కొచ్చో లేదో వాళ్ళే చెప్తారు.

సరేనంటే ముందు ఇంటి దగ్గర మేడమెట్లతో మొదలుపెట్టించండి. చెకింగ్ దగ్గర పేస్‌మేకర్ కార్డు చూపించి, మెటల్ డిటెక్టర్ గేటులో ఆగకుండా దాటెయ్యాలి, చేతి మిషన్ ఛాతీ మీద పెట్టి ఉంచొద్దని చెప్పాలి. మొదటిసారి మాత్రం మీరు వెంట పోండి, కళ్ళు తిరిగినా ఛాతీలో పట్టేసినట్టున్నా అక్కడే కూర్చోబెట్టి సాయం పిలవండి.