ప్లానింగ్ అంటే లేఅవుట్లు గీయడమేనా?

ప్రశ్న: మాది ముత్తుకూరు మండలం. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. అందరూ కంప్యూటర్స్ అంటుంటే తను బీప్లాన్ (ఊళ్లు, పట్టణాల ప్రణాళిక నేర్పే డిగ్రీ) చేస్తానని పట్టుబట్టింది. లేఅవుట్లు గీయడానికి నాలుగేళ్ల చదువు ఎందుకు సార్? ఉద్యోగం వస్తుందా?

జవాబు: లేఅవుట్ గీయడం ఈ చదువులో చిన్న ముక్కండీ. ఒక పొలాన్ని ఇళ్ల స్థలాలు చేస్తే అక్కడ పడ్డ వాననీళ్లు ఎటు పోవాలి, ఆ పొలంలో కూలికి వెళ్లేవాళ్లు తర్వాత ఎలా బతకాలి అని ముందే ఆలోచించడం నేర్పుతారు. నెల్లూరులో అంకణాల లెక్కన స్థలం బేరమాడతాం. ఆ అంకణాల కింద ఒకప్పుడు పంట కాలువ పారిందా అని ఎంతమందిమి అడుగుతాం?

2021 నవంబరు పెన్నా వరద మీకు గుర్తుండే ఉంటుంది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది, నెల్లూరులో ఏటి ఒడ్డున భగత్‌సింగ్ కాలనీ మునిగింది. ఊరి మధ్య చోటు కొనలేని కుటుంబాలే ఒడ్డున ఇల్లు వేసుకుంటాయి. వాళ్లకు పని దొరికే దగ్గరలో, వరద రాని చోటు చూపించడం ప్లానర్ పనే.

కృష్ణపట్నం పోర్టు మీ మండలంలోనే ఉంది కాబట్టి భూసేకరణ అంటే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2013 చట్టం ప్రకారం పట్టాదారుతో పాటు, అంతకుముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలు రైతులు, కూలీలు కూడా బాధిత కుటుంబాలే. అయితే మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాట, కాగితం ఉండదు. భూసేకరణ వల్ల ఎవరి బతుకు ఎలా దెబ్బతింటుందో లెక్కగట్టే సామాజిక ప్రభావ అంచనాకు వచ్చినవాళ్లు అడంగల్ (ఊరి భూమి, సాగు రికార్డు) చూసి వెళ్లిపోతే ఆ పేర్లు జాబితాకెక్కవు. ఇంటింటికీ తిరిగి, గ్రామసభలో వెనక నిలబడ్డవాళ్లను పలకరించి రాసుకోవాలి. జీఐఎస్ మ్యాపు (సమాచారాన్ని కంప్యూటర్‌లో పటం మీదకు ఎక్కించడం), భూమి చట్టాలు, ఇంటింటి సర్వే, ఈ మూడూ ఒకే చదువులో నేర్పుతారు. నాకు ఈ కోర్సు మీద గౌరవం అందుకే.

చేరడానికి జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బీ రాయాలి. లెక్కలు, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలు ఉంటాయి. దరఖాస్తులో ఈ పేపర్‌ను విడిగా ఎంచుకోవాలి, చాలామంది పిల్లలు మరిచిపోయేది ఇక్కడే. విజయవాడలో 2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మనకు దగ్గర. ఢిల్లీ, భోపాల్‌లోనూ ఉన్నాయి. మూడింటికీ సీట్లు జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కూడా ఇచ్చే ఉమ్మడి) కౌన్సెలింగ్‌లోనే.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ప్రభుత్వ టౌన్ ప్లానింగ్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడాల్సి రావచ్చు. మాస్టర్ ప్లాన్లు చేసే కన్సల్టెన్సీలు, జీఐఎస్ కంపెనీలు తీసుకుంటాయి గానీ మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. గేట్ పరీక్ష రాసి రెండేళ్ల ఎంప్లాన్ (ప్లానింగ్‌లో పీజీ) చేస్తే దారి బాగా విప్పారుతుంది. ఆరేళ్లు చదివించే ఓపిక ఇంట్లో ఉందో లేదో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఈ ఆదివారం అమ్మాయితో కలిసి మీ పొలం నుంచి చెరువు దాకా కాలువ గట్టు మీద నడవండి. ఎక్కడ పూడిందో, ఎక్కడ ఇళ్లు లేచాయో, ఆ ఇళ్లలో ఎవరుంటున్నారో తననే అడిగి తెలుసుకోమనండి, పటం గీయమనండి. ఇంటికొచ్చాక కూడా ఆ పటం వదలకపోతే పేపర్ 2బీకి దరఖాస్తు పెట్టించండి.