సెకండ్ షో తర్వాత నడక

చిరంజీవి అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విని మనసు కష్టమైంది. వారంలో మణిరత్నం ‘గీతాంజలి’, రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ రెండూ చూశానన్నావు. ఆఫీసు క్యాంటీన్‌లో అందరి ముందూ ‘మణిరత్నం బాగా స్లో, వర్మ ముందు నిలవడు’ అన్నావట. మీ రూమ్మేట్ ముఖం ముడుచుకుని లేచి వెళ్లిపోయిందట. రెండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవట. ‘నాకు అనిపించింది నేను చెప్పకూడదా మావయ్యా?’ అని అడిగావు. అప్పుడు నాకు సరిగ్గా జవాబు దొరకలేదు.

చెప్పాలమ్మా. చెప్పకుండా ఉండొద్దు. కానీ నేను ఒకసారి చేసిన తప్పు నీకు తెలియాలి.

ఆ రెండు సినిమాలూ 1989లోనే వచ్చాయి. అప్పుడు నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగంలో కొత్తగా చేరాను. నలుగురు స్నేహితులం గాంధీనగర్‌లో సెకండ్ షో చూసి, మాట్లాడుకుంటూ నడిచి ఇళ్లకు వచ్చేవాళ్లం. నాకు సినిమా కంటే ఆ నడకే ఎక్కువ ఇష్టంగా ఉండేది. ‘గీతాంజలి’ చూసిన రాత్రి హాలు మెట్లు దిగుతూనే నేను మొదలుపెట్టాను. అందులో హీరోయిన్ గీతాంజలిలా చావబోయే పిల్ల అంత అల్లరి చేస్తుందా, దయ్యంలా వేషం వేసుకుని జనాన్ని భయపెడుతుందా, అంతా అబద్ధం అన్నాను. ఇంకో ఇద్దరు నాతో గొంతు కలిపారు. నాలుగోవాడు ఏమీ అనలేదు. చాలా దూరం నడిచాక, ‘మా చెల్లి కూడా ఆసుపత్రి మంచం మీద ఇలాగే నవ్విస్తుందిరా అందరినీ’ అన్నాడు. వాళ్ల చెల్లెలికి గుండె జబ్బు అని మాలో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి మిగిలిన దారంతా మేం ఏమీ మాట్లాడుకోలేదు.

తర్వాత నేను ఒక్కడినే వెళ్లి ఆ సినిమా మళ్లీ చూశాను. గీతాంజలి ‘లేచిపోదామా’ అని అడిగినప్పుడు హాలంతా నవ్వింది, నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. సినిమా మారలేదు కదా. వాడి మాట విన్నాక నేను చూసే చూపు మారింది. అందుకే అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. సినిమా అయిపోగానే ముందు పక్కవాళ్లని అడుగుతాను, ‘నీకు ఏ సీను గుర్తుండిపోయింది?’ అని. వాళ్లు చెప్పాకే నాది చెబుతాను. నువ్వు కూడా ఆ అమ్మాయిని ఇదే అడిగి చూడు.

ఇక మాట ఎలా చెప్పాలనే సంగతి. ‘స్లో’ అనే మాట నాకు ఏమీ చెప్పదు. ఎక్కడ స్లో? ఊటీ మంచులో ఇద్దరూ మాటల్లేకుండా ఉన్నచోటా, పాట వచ్చినచోటా, చివరి అరగంటలోనా? ఒక్క సీను పట్టుకుని ‘ఇక్కడ నాకు విసుగొచ్చింది’ అంటే ఎదుటివాళ్లు కోప్పడరు. ‘అక్కడా? నాకు అదే బాగా నచ్చింది’ అంటారు, కబురు సాగుతుంది. పేరు పట్టుకుని ‘ఫలానా దర్శకుడు వేస్ట్’ అంటే, ఆ దర్శకుణ్ని ప్రేమించే మనిషికి తననే అన్నట్టు ఉంటుంది. నీకు నచ్చలేదని దాచుకోమని కాదు. నచ్చనిది ఏదో వేలుపెట్టి చూపించు. ఇంకొకటి, నువ్వు ఆ సినిమాని ఎలా చూశావో కూడా చెప్పు. నైట్ షిఫ్ట్ అయ్యాక ఫోన్ తెర మీద చూసిన ‘గీతాంజలి’ వేరు. కెమెరామన్ పి.సి. శ్రీరామ్ పట్టిన ఆ మంచు, ఆ పలచని వెలుగు అరచేతిలో కనపడవు.

దర్శకులని పోల్చటం నాకు ఇష్టమైన పని. ఈ మాట కొంచెం వివరంగా చెప్పనీ. నువ్వు అనుకోకుండానే చాలా మంచి జత పట్టుకున్నావు. ఒకే సంవత్సరం, ఒకే హీరో నాగార్జున, ఒకే సంగీత దర్శకుడు ఇళయరాజా, దర్శకులు మాత్రం ఇద్దరు. మణిరత్నం తెలుగులో నేరుగా తీసిన సినిమా ‘గీతాంజలి’. వర్మకి ‘శివ’ మొదటి సినిమా. ఆయన మా విజయవాడలోనే ఇంజనీరింగ్ చదివాడు, అందుకే ఆ కాలేజీ కుర్రాళ్లు మాకు ఎదురింటివాళ్లలా అనిపించారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. రెండింటిలోనూ మారకుండా ఉన్నది చాలావరకు నటుడిది. నాగార్జున ఆ తక్కువ మాటలు, ఆ లోపలికి అణచుకున్న బాధ రెండుచోట్లా ఉన్నాయి. మారినదాంట్లో దర్శకుణ్ని వెతుకు.

మణిరత్నం చావుని ముందే చెప్పేసి, దాని చుట్టూ అల్లరి, మంచు, పాటలు పెట్టాడు. వర్మ రోజూ చూసే వస్తువుల్లోంచే భయం పుట్టించాడు. సైకిల్ చైను చూడు. అప్పటివరకు అది కాలేజీకి వెళ్లటానికి పనికొచ్చే వస్తువు. శివ దాన్ని చేత్తో లాగిన తర్వాత మా ఊళ్లో ఏ కుర్రాడూ సైకిల్‌ని మామూలుగా చూడలేదు. అన్న కూతుర్ని సైకిల్ మీద ఎక్కించుకుని శివ పారిపోతుంటే కారు వెంటపడుతుంది కదా, ఆ సీనులో నేను సీటు చివర కూర్చున్నాను. రఘువరన్ వేసిన భవాని మాత్రం గొంతు పెంచడు. అరిచే విలన్లకి అలవాటుపడిన మాకు ఆ నెమ్మదికే ఎక్కువ భయం వేసింది.

ఇప్పుడు నువ్వు అన్న మాటకి వద్దాం. వేగం కావాలంటే ప్రేమకథని రౌడీకథతో పోల్చి తీర్పు చెప్పకు. మణిరత్నం కూడా అంతకు రెండేళ్ల ముందు, 1987లో, తమిళంలో ‘నాయకన్’ తీశాడు, తెలుగులో ‘నాయకుడు’గా చూశాం. కెమెరా పి.సి. శ్రీరామే, సంగీతం ఇళయరాజాదే. ‘శివ’ పక్కన పెట్టాల్సింది దాన్ని. వర్మ ఒక కుర్రాడు గొడవలోకి దిగిన కొద్ది కాలాన్ని తీసుకున్నాడు. మణిరత్నం బొంబాయిలో ఒక మనిషి చిన్నతనం నుంచి ముసలితనం దాకా తీసుకున్నాడు. ఒకరికి పరుగు కావాలి, ఇంకొకరికి ఏళ్లు గడవాలి. నా మటుకు, ఉత్కంఠలో వర్మదే పైచేయి. చేసిన పని మనిషి మీద ఎలా తిరిగి పడుతుందో చూపించటంలో మణిరత్నం లోతు ‘శివ’లో లేదు. నువ్వు ఒప్పుకోకపోవచ్చు, నాకు అదీ సంతోషమే.

మెచ్చుకునేటప్పుడు కూడా ఎవరి వాటా వాళ్లకి ఇవ్వు. ‘శంకరాభరణం’ అనగానే విశ్వనాథ్ గారు అంటాం, న్యాయమే. కానీ అందులో మాటలు జంధ్యాలవి, కెమెరా బాలూ మహేంద్రది. ఇద్దరూ స్వయంగా పేరున్న దర్శకులు. ఒక మాట నీ గుండెకి తగిలితే అది ఎవరు రాశారో టైటిల్స్‌లో చూసుకో. ఆ తర్వాత పోలిస్తే నీ మాటకి బరువు ఉంటుంది.

కలెక్షన్ల లెక్కలు మాత్రం తేవద్దు. ఎన్ని కోట్లు వచ్చాయన్నది నిర్మాత చూసుకుంటాడు. నీకు ఏమనిపించిందన్నది నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఇంకా చూడని వాళ్లు పక్కన ఉంటే ముగింపు చెప్పకు. ‘గీతాంజలి’ ఎలా ముగుస్తుందో ముందే తెలిసిపోతే ఆ మంచులో వాళ్లు నవ్వేటప్పుడు మనకి కలిగే ఆ గుబులు ఉండదు.

ఇవాళ సాయంత్రం గదికి వెళ్లగానే ముందు నువ్వే టీ పెట్టి ఆ అమ్మాయికి ఇవ్వు. వాళ్ల ఇంట్లో ఎవరైనా ఒంట్లో బాగోక ఉన్నారేమో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఏ సీను నచ్చిందో అడిగి, తను చెప్పేదాకా ఆగు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ‘నాయకుడు’ పెద్ద టీవీలో చూద్దాం. అత్తయ్య కూడా చూస్తానంది. అయిపోయాక బందరు కాలువ గట్టు మీదుగా ముగ్గురం నడిచి వద్దాం. నీ మాటే ముందు వింటాను.

మావయ్య