హెచ్‌-1బీ మీద ఉన్నాను, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనొచ్చా?

సందేహం: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాది హెచ్‌-1బీ, నా భార్యది హెచ్‌-4. ఏడేళ్ల బాబు ఉన్నాడు. ఈమధ్య ఆఫీసు స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కి వెళ్లొచ్చాక ఏఆర్‌-15 తరహా రైఫిల్ ఒకటి కొనాలనిపిస్తోంది. హంటింగ్ లైసెన్స్ ఉంటే చాలని షాపులో చెప్పారు. మా అన్నయ్యకు గ్రీన్‌కార్డు ఉంది. ఆయన పేరు మీద కొని మా ఇంట్లో పెట్టుకుంటే ఇంకా సులువు కదా అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఏది మంచిది? తుపాకీ కొనడం నాకిదే మొదటిసారి.

సమాధానం: షాపువాళ్లు చెప్పింది సగం నిజం. మీ ఫ్రెండ్ చెప్పింది మాత్రం జైలుకి దారి.

ముందు అసలు నియమం చూద్దాం. ఫెడరల్ చట్టం 18వ టైటిల్‌లోని 922(జి)(5)(బి) ప్రకారం, నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1 అన్నీ ఇందులోకే వస్తాయి. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) వేసి ఈఏడీ కార్డు (పని చేసుకునే అనుమతి) చేతికొచ్చినంత మాత్రాన మీరు గ్రీన్‌కార్డు హోల్డర్ అయిపోరు. ఆ పొరపాటు చాలామంది చేస్తున్నారు.

ఈ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది ఒకటే. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన హంటింగ్ లైసెన్స్, గడువు తీరనిది, మీ దగ్గర ఉండాలి. షాపువాళ్లు చెప్పిన సగం ఇది. వాళ్లు చెప్పని సగం ఏమిటంటే, ఆ లైసెన్స్ కొన్న రోజుకి మాత్రమే కాదు, రైఫిల్ మీ ఇంట్లో ఉన్న ప్రతి రోజుకీ కావాలి. టెక్సస్ వార్షిక హంటింగ్ లైసెన్స్ మీరు ఏ నెలలో తీసుకున్నా ఆగస్టు 31తో ముగిసిపోతుంది. జులైలో తీసుకున్నా అంతే, పన్నెండు నెలలు రావు. మీరు రెన్యూవల్ మర్చిపోయారనుకోండి, సెప్టెంబరు 1 తెల్లారేసరికి అల్మారాలో కదలకుండా ఉన్న అదే రైఫిల్ ఫెడరల్ నేరం అయిపోతుంది. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నవ్వులాట కాదు, నేను నా క్లయింట్లందరికీ ఇదే చెబుతాను.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. టెక్సస్‌లో ప్రైవేటు భూముల్లో యజమాని అనుమతితో అడవి పందుల్ని వేటాడటానికి 2019 సెప్టెంబరు నుంచి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. రాంచ్‌కి పిలిచే స్నేహితులు ‘లైసెన్స్ ఎందుకు బ్రో, పందులకు అవసరం లేదు’ అంటారు. రాష్ట్ర చట్టం వరకు వాళ్లు చెప్పేది కరెక్టే. కానీ మీకు లైసెన్స్ కావాల్సింది పంది కోసం కాదు, చేతిలో ఉన్న రైఫిల్ కోసం. ఫిషింగ్ లైసెన్స్ కూడా ఇందుకు పనికిరాదు.

మీరు ఇప్పటికే రేంజ్‌కి వెళ్లొచ్చానన్నారు కాబట్టి రెహైఫ్ కేసు గురించి చెప్పాలి. యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకి వచ్చిన యువకుడు. యూనివర్సిటీ తీసేయడంతో స్టేటస్, అంటే దేశంలో చట్టబద్ధంగా ఉండే హక్కు, పోయింది. 2015 డిసెంబరులో ఒక రేంజ్‌లో తూటాల పెట్టె కొని, గంట సేపటికి తుపాకీ అద్దెకు తీసుకున్నాడు. సొంత తుపాకీ లేదు, ఎవరినీ బెదిరించలేదు. అక్రమంగా ఉంటున్నవాళ్లకు వర్తించే పక్క క్లాజు కింద కేసు పెట్టారు, కింది కోర్టు 18 నెలల శిక్ష వేసింది. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. తన స్టేటస్ ఏమిటో నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలంది. ఈ తీర్పు చూపించి ‘చట్టం తెలియదంటే సరిపోతుంది’ అనేవాళ్లు కనిపిస్తారు. కోర్టు ఆ మాట అనలేదు. తెలియాల్సింది చట్టం కాదు, స్టేటస్. తాను హెచ్‌-1బీ మీద ఉన్నానని తెలియని తెలుగువాడిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

అంటే అద్దె తుపాకీ కూడా ‘దగ్గర ఉంచుకోవడం’ కిందకే వస్తుంది. లైసెన్స్ లేకుండా మళ్లీ రేంజ్‌కి వెళ్లకండి. వెళ్లినదాని గురించి ఏ అధికారైనా అడిగితే అబద్ధం చెప్పకండి, లాయర్‌తో మాట్లాడాకే జవాబిస్తానని చెప్పండి.

ఇక అన్నయ్య సంగతి. మీ కోసం, మీ డబ్బుతో, ఆయన తన పేరు మీద కొంటే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. ఇప్పుడు దానికంటూ ప్రత్యేక సెక్షన్ ఉంది, 932. ఇదీ 15 ఏళ్ల దాకా. అసలు కొనుగోలుదారు మీరేనా అని షాపులో ఫారం 4473 మీద అడుగుతారు. అక్కడ అవునని సంతకం పెడితే ఆయన అబద్ధమాడినట్టు. నిషేధం ఉన్నవాళ్లకని తెలిసి తుపాకీ అందించడం ఇంకో నేరం. ‘ఆయనదే, మా ఇంట్లో ఉందంతే’ అన్నా మీకు లాభం లేదు. అల్మారా తాళం మీ చేతిలో ఉంటే అది మీ దగ్గర ఉన్నట్టే. ఇదే లెక్కన మీ భార్య గురించి కూడా ఆలోచించండి. సేఫ్ నంబర్ ఆమెకూ తెలిస్తే ఆమె పేరున కూడా లైసెన్స్ ఉండాలి, లేదా ఆ నంబర్ మీ ఒక్కరికే తెలియాలి.

ఇమిగ్రేషన్ వైపు దెబ్బ ఇంకా గట్టిది. 922(జి)(5) కింద శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని ‘అగ్రవేటెడ్ ఫెలొనీ’, అంటే తీవ్ర నేరం, అంటుంది. ఆ తర్వాత డిపోర్టేషన్‌ని ఆపే దారులు దాదాపు మూసుకుపోతాయి. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్న మీ అన్నయ్యకీ గండమే.

సక్రమంగా కొనాలంటే పెద్ద తతంగం ఏమీ లేదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అది పూర్తిచేసి లైసెన్స్ తీసుకోండి. షాపుకి వెళ్లేటప్పుడు లైసెన్స్, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు) నంబర్, ఇప్పటి ఇంటి అడ్రస్ ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ తీసుకెళ్లండి. ఇల్లు మారి అడ్రస్ మార్చుకోకపోతే అక్కడే ఆగిపోతుంది. ఫారంలో నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చారా అని అడుగుతారు. అవునని రాసి, మినహాయింపు ఉందని చూపండి. ఎఫ్‌బీఐ తనిఖీ కొన్ని నిమిషాల్లో తేలొచ్చు, రోజులూ పట్టొచ్చు. పక్కింటాయన దగ్గర కొంటే ఈ ఫారం ఉండదు, కానీ మీ మీద నిషేధం అలాగే ఉంటుంది.

కొన్నాక ఆన్‌లైన్‌లో కనబడిన ప్రతి పార్టూ తెచ్చి బిగించకండి. బ్యారెల్ 16 అంగుళాల కంటే తగ్గితే అది వేరే రిజిస్ట్రేషన్ కావాల్సిన ఆయుధం. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటాయే రావాలి. అంతకు మించి వచ్చేలా మారిస్తే అది మెషీన్‌గన్ లెక్క.

ఇంట్లో బాబు ఉన్నాడన్నారు. లోడ్ చేసిన తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం. తాళం వేసిన సేఫ్‌లో రైఫిల్, వేరే చోట తూటాలు పెట్టండి. ఒక మాట గుర్తుంచుకోండి: మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేసినా ఛాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, ఒక తూటా మిగిలి ఉండొచ్చు. బోల్ట్ వెనక్కి లాగి కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. ఆ తర్వాతే తుడవడం మొదలుపెట్టండి.

ప్రాజెక్ట్ మారి న్యూజెర్సీకి వెళ్లాల్సి వస్తే ఈ రైఫిల్‌ని కారులో వేసుకుని బయల్దేరకండి. అక్కడ ఏఆర్‌-15 పేరు నిషేధిత జాబితాలోనే ఉంది. దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి. మ్యాగజైన్‌కి పది తూటాలే పరిమితి. టెక్సస్‌లో మామూలుగా అమ్మే ముప్పై తూటాల మ్యాగజైన్ అక్కడ కేసు. ముందే అమ్మేయడమో, అన్నయ్యకు నిజంగానే ఇచ్చేయడమో నయం.

చివరగా, మీరు అడగకపోయినా చెబుతున్నాను. ఇండియా ప్రయాణానికి ముందు బ్యాగులు దులపండి. జేబు కుట్లలో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కేసు పెడతారు. 2019 సవరణ తర్వాత దానికి రెండు నుంచి ఐదేళ్లు. తెలిసి ఉంచుకోలేదని తేలితే హైకోర్టులు ఇలాంటి కేసులు కొట్టేస్తున్నాయి. గున్వంత్‌లాల్ కేసులో 1972లోనే సుప్రీంకోర్టు ఈ ‘తెలిసి ఉంచుకోవడం’ గురించి చెప్పింది. కానీ అది తేలేలోపు సెలవు అయిపోతుంది, వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ దాటిపోతుంది, అరెస్టు జరిగిందా అన్న ప్రశ్నకు ప్రతి ఫారంలోనూ అవునని రాయాల్సి వస్తుంది. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్ వేరే పెట్టుకోండి. అమ్మ పచ్చళ్లు తెచ్చుకునే సూట్‌కేసుని అటు తీసుకెళ్లకండి.