పాత ట్రాక్టర్‌ను ఆన్‌లైన్ వేలంలో అమ్మాలంటే ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. 2016లో కొన్న 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది, దాంతోపాటు ట్రక్కు (వెనక తగిలించే ట్రైలర్), రోటావేటర్, దమ్ము చక్రాలు కూడా. మోకాళ్ల నొప్పులతో నావల్ల కావడం లేదు, అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, పొలం కౌలుకిచ్చేశాను. ఊళ్లోకి వచ్చే బ్రోకరు ట్రాక్టర్ ఒక్కదానికి 2.75 లక్షలు ఇస్తానంటున్నాడు. అబ్బాయేమో ఆన్‌లైన్ వేలంలో పెడదామంటాడు. రెండు మూడు కంపెనీల వాళ్లు ఫోన్లు చేస్తున్నారు, అందరూ మాదే పెద్దదంటున్నారు. ఎవరికివ్వాలి? డబ్బు ఎక్కడైనా ఇరుక్కుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎవరి కంపెనీ పెద్దదన్నది పక్కన పెట్టండి. ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ ముందు ఈ రెండే అడగండి. బండి నా వాకిలి దాటకముందే డబ్బు నా ఖాతాలో పడుతుందా? ఆర్సీ మీద నా పేరు ఎన్నాళ్లలో పోతుంది, ఆ పని ఎవరు చేయిస్తారు? ఈ రెంటికీ కాగితం మీద జవాబు ఇచ్చినవాళ్లతోనే మిగతా మాటలు. నోటిమాటగా చెప్పి, ఒప్పందంలో రాయమంటే నసిగేవాళ్లకు ఎంత పేరున్నా వదిలేయండి.

పేరు మార్పిడి గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన జిల్లాల్లో చాలామంది డబ్బు చేతికి రాగానే పేరు మార్పిడికి ఆర్టీఓలో ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేసి అక్కడితో బండిని మరిచిపోతారు. కొన్నవాడు దాన్ని ఇంకొకడికి అమ్ముతాడు, ఆ ఖాళీ కాగితాలు అలాగే చేతులు మారుతుంటాయి, రికార్డుల్లో మాత్రం బండి మీదే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. బండి ఎప్పుడో అమ్మేశాను, తర్వాత ఎన్నో చేతులు మారింది అన్నా కుదరదు, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే నష్టపరిహారానికి బాధ్యులని. ఇసుక ట్రక్కుతో రాత్రిపూట రోడ్డెక్కే ట్రాక్టర్లు మనకు కొత్త కాదు. ఎక్కడో ఏదో జరిగితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. అందుకే కొనేవాడి పేరు, చిరునామా నింపని ఫారం మీద సంతకం పెట్టకండి, ఎవరు ఎంత తొందర పెట్టినా సరే. కొనేవాళ్లు మన రాష్ట్రం వాళ్లయితే అమ్మిన 14 రోజుల్లో మీరు ఆర్టీఓకు తెలియజేయాలి. తమిళనాడో కర్ణాటకో అయితే 45 రోజులు, దానికి ముందు ఇక్కడి నుంచి ఫారం 28తో నో అబ్జెక్షన్ కూడా కావాలి. ట్రక్కుకు విడిగా రిజిస్ట్రేషన్ ఉంటే దానికీ ఇదంతా మళ్లీ చేయాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. పేరు మారేదాకా ఇన్సూరెన్స్ అయిపోనివ్వకండి.

ఇంకొకటి. 2023 ఏప్రిల్ నుంచి, రిజిస్టర్ అయిన పాత బండ్లు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన అమల్లో ఉంది. అలాంటి డీలర్‌కు బండి అప్పగించేటప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి నమోదు చేస్తే, అక్కడి నుంచి బండి బాధ్యత డీలర్‌ది. మీకు ఫోన్ చేస్తున్నవాళ్లలో బండిని తమ యార్డులో పెట్టుకుంటామనేవాళ్లుంటే, మీకా పత్రం ఉందా, 29సీ ఇస్తారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే కొంతమంది ఫోన్ పెట్టేస్తారు, మీకు పని తగ్గుతుంది.

ఇక డబ్బు. మన ప్రకాశం వాళ్లకు, కలిగిరి వైపు వాళ్లకు పొగాకు వేలం బాగా తెలుసు. అక్కడ ధర నచ్చినా నచ్చకపోయినా మధ్యలో పొగాకు బోర్డు ఉంటుంది, బేలు ఎవరు కొన్నారో రాతలో ఉంటుంది, సొమ్ము బ్యాంకు ఖాతాకే వస్తుంది. ప్రైవేటు వేలం యాప్‌లో ఆ బోర్డు లాంటిది లేదు. అక్కడ ఉన్నదల్లా మీరు సంతకం పెట్టే ఒప్పందమే. కాబట్టి పాట పాడేవాళ్ల దగ్గర ముందుగా ధరావత్తు (డిపాజిట్) కట్టించుకుంటున్నారో లేదో చూడండి. ధరావత్తు లేని వేలంలో ఎవడైనా ఆకాశమంత ధర పాడి తెల్లారి ఫోన్ తీయడు, మీ బండి మళ్లీ మొదటికొస్తుంది. పాడినవాడు వెనక్కి తగ్గితే ఆ ధరావత్తులో మీకేమన్నా వస్తుందా, మొత్తం కంపెనీయే ఉంచుకుంటుందా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. 2 లక్షలు, అంతకంటే ఎక్కువ నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా పడేది తీసుకున్నవాళ్లకే. డబ్బు పడినట్టు మెసేజ్ వచ్చిందని బండి తాళం ఇచ్చేయకండి, బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకోండి, లేదంటే బ్రాంచికే వెళ్లి అడగండి. మెసేజ్‌లు ఎవరైనా తయారు చేస్తారు.

ఖర్చుల లెక్క ఫోన్లో ఎవరూ పూర్తిగా చెప్పరు, మీరే వేసుకోవాలి. వేలంలో మీ ట్రాక్టర్ 3 లక్షలకు పోయిందనుకుందాం. కంపెనీ ఫీజు 3 శాతమైతే 9,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 1,620, మొత్తం 10,620. యార్డుకు చేర్చడానికి లారీకి 8,000 అయిందనుకోండి, మీ చేతికొచ్చేది 2,81,380. బ్రోకరు మాట కంటే 6,380 ఎక్కువ, అంతే. పాట 2.90 లక్షల దగ్గర ఆగితే బ్రోకరు మాటే మేలవుతుంది. అమ్ముడుపోకపోతే? బండిని వెనక్కి తెచ్చుకునే ఖర్చు మీదే, యార్డులో ఉన్నన్ని రోజులకు అద్దె వేసేవాళ్లూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, మీలాంటి ఒక్క బండి రైతుకు, బండి ఇంటి దగ్గరే ఉంచి, వాళ్ల మనిషి వచ్చి తనిఖీ చేసి ఫొటోలు తీసుకెళ్లి ఆన్‌లైన్‌లో పాట పెట్టే పద్ధతే మంచిది. ధర రాకపోతే బండి ఎక్కడికీ కదలదు, బ్రోకరుతో మళ్లీ మాట్లాడొచ్చు.

వేలానికీ ప్రకటనకూ తేడా కూడా చూసుకోండి. శ్రీరామ్ ఆటోమాల్ లాంటివి వేలం నడుపుతాయి. ఓఎల్ఎక్స్‌లోనో, ట్రాక్టర్ జంక్షన్‌లోని పాత ట్రాక్టర్ల విభాగంలోనో అయితే మీరు ధర రాసి పెడతారు, కొనేవాళ్లు ఫోన్ చేస్తారు, బేరం మీ ఇద్దరిదే. ప్రకటన పెట్టి ఓ రెండు వారాలు చూస్తే బండికి మార్కెట్లో ఎంత పలుకుతుందో తెలిసిపోతుంది, ఆ తర్వాత వేలానికి వెళ్తే కనీస ధర ఎంత పెట్టాలో మీకే అర్థమవుతుంది. కనీస ధర పెట్టనివ్వని వేలంలో బండి పెట్టకండి. పాట అయ్యాక, వచ్చిన ధరను ఒప్పుకోవడమా వద్దా అన్నది మీ చేతిలో ఉండాలి, అదీ ఎన్ని గంటల్లో చెప్పాలో ఒప్పందంలో ఉండాలి.

కనీస ధర పెట్టేటప్పుడు 2016లో మీరు పెట్టిన రేటును మనసులో పెట్టుకోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద, కోత మిషన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతదాని ధరా ఆ మేరకు దిగుతుంది. కొనేవాడు ఈ మాట ఎలాగూ ఎత్తుతాడు, మీరు ముందే తెలుసుకుని ఉంటే మంచిది. అదే పన్ను పేరు చెప్పి, పాత బండి అమ్మకం మీద మీరు జీఎస్టీ కట్టాలని ఎవరైనా అంటే నమ్మకండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని రైతు తన ట్రాక్టర్ అమ్ముకుంటే ఆ పన్ను లేదు. కంపెనీ ఫీజు మీద వేసేదొక్కటే ఉంటుంది.

ఎప్పుడు పెట్టాలన్నది మన వైపు పెద్ద విషయమే. నెల్లూరులో పెద్ద పంటకు దమ్ములు ఊపందుకునేది అక్టోబర్ నుంచి, ఈశాన్య రుతుపవనాలతో. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ట్రాక్టర్ వెతుక్కునేవాళ్లు ఎక్కువగా ఉంటారు. కోతలయ్యాక, అందరూ అప్పులు తీర్చుకునే హడావిడిలో ఉన్నప్పుడు పెడితే అమ్మేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

ఫొటోలు మీరే దగ్గరుండి తీయించండి. అవర్స్ మీటర్, నాలుగు టైర్లు, ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్, హైడ్రాలిక్ లిఫ్ట్ బరువు ఎత్తుతుండగా ఒక వీడియో, చల్లటి ఇంజన్ ఉదయాన్నే స్టార్ట్ చేస్తూ ఇంకొకటి. ఇంజన్ పని చేయించి ఉంటే ఆ బిల్లు చూపించండి, ఆయిల్ కారుతుంటే కారుతుందని రాయండి. దాచింది తీసుకెళ్లేరోజు బయటపడుతుంది, అప్పుడు మీ వాకిట్లో నిలబడి ధర కోస్తారు. బ్యాంకు అప్పు తీరిపోయినా ఆర్సీలో ఆ బ్యాంకు పేరు అలాగే ఉందేమో ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి. ఉంటే బ్యాంకు నో అబ్జెక్షన్, ఫారం 35తో ముందే తీయించండి, లేకపోతే పాటలో నెగ్గినవాడు అక్కడే ఆగిపోతాడు. ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద 'ట్రాక్టర్ అమ్మకం కోసం మాత్రమే' అని తేదీతో రాయండి.

రోటావేటర్, దమ్ము చక్రాలు విడిగానే అమ్ముకోండి. వాటికి మీ ఊరి చుట్టుపక్కలే గిరాకీ.

ఒకవేళ కంపెనీతో పేచీ వచ్చిందా, ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్లకు ఫిర్యాదుల అధికారి ఉండి తీరాలి, ఆయన పేరు, ఫోన్ నంబర్ వెబ్‌సైట్లో కనిపించాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ వివరాలే లేని వెబ్‌సైట్‌కు బండి ఇవ్వకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఒప్పందంలో గొడవలన్నీ ఢిల్లీ కోర్టులోనే అని రాసి ఉన్నా భయపడక్కర్లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడు తానుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

ప్రశ్న: అద్దంకి వైపు నుంచి రాస్తున్నాం. మా రైతుల గ్రూపు సబ్సిడీ మీద కొన్ని యంత్రాలు తీసుకుంది. అద్దెకు పోవడం లేదు, కిస్తీలు భారమయ్యాయి. నాలాంటి వాళ్లం ఇద్దరం అమ్మేద్దామంటున్నాం. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. సబ్సిడీ యంత్రాన్ని ఇన్నేళ్లు అమ్మకూడదని తీసుకున్న రోజునే షరతు పెడతారు, గ్రూపు కాగితాలు తీసి అది చదవండి. పైగా యంత్రం గ్రూపుది, ఇద్దరి సంతకాలతో అమ్మితే అమ్మకమే చెల్లదు, మిగతావాళ్లు కేసు పెడితే నిలబడాల్సింది మీరిద్దరే. అప్పు బాకీ ఉంది గనుక బ్యాంకు అనుమతి కూడా కావాలి. గ్రూపు మొత్తం కూర్చుని తీర్మానం రాసుకుని, మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. కిస్తీలు కట్టలేని పరిస్థితి బ్యాంకు మేనేజర్‌కు ముందే చెబితే గడువు గురించి మాట్లాడే వీలుంటుంది, ఆగిపోయాక చెబితే కష్టం. మీ ఇబ్బంది నిజమే, కానీ ఈ దారిలో తొందరపడితే అప్పు అలాగే ఉండి కేసు ఒకటి తోడవుతుంది.

ప్రశ్న: పొదిలి నుంచి. ట్రాక్టర్ ప్రకటన పెట్టిన గంటలోనే ఒకాయన ఫోన్ చేశాడు. మిలిటరీలో పనిచేస్తున్నానంటూ ఐడీ కార్డు పంపాడు. బేరం ఆడలేదు. అడ్వాన్సు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటున్నాడు. చేయాలా?

జవాబు: చేయకండి. డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొడితే మన ఖాతాలోంచి పోతుంది. బండి చూడకుండా, బేరమాడకుండా లక్షల రూపాయలకు ఒప్పుకునే మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? ఇప్పటికే కొట్టేసి ఉంటే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. వేలంలో మీ బండి ఎంపికైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని వాట్సాప్‌లో వచ్చేవీ ఇదే తరహా.

ప్రశ్న: కనిగిరి నుంచి. శనగ, కంది నూర్చే పాత మిషన్ ఉంది. బాగానే ఆడుతుంది. దీన్ని కూడా ఆన్‌లైన్ వేలంలో పెడితే మంచి ధర వస్తుందా?

జవాబు: వేలంలో ధర పెరగాలంటే ఆ వస్తువు కావాలనుకునేవాళ్లు కనీసం ఇద్దరు ఒకే సమయంలో ఉండాలి. ట్రాక్టర్‌కు ఉంటారు. మీ నూర్పిడి మిషన్ కావాల్సినవాడు ఏ హైదరాబాద్‌లోనో ఉన్నా లారీ కిరాయి చూసి వెనక్కి తగ్గుతాడు. అందుకని శనగ కోతలకు ముందే, డిసెంబర్‌లో, రిపేర్లు చేసే షెడ్డుల్లో, ఎరువుల దుకాణాల్లో, చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చెప్పి పెట్టండి. ఆడించి చూపించండి. ఆర్సీ లేని యంత్రం గనుక కొన్నప్పటి బిల్లు వెతికి పెట్టుకోండి. తెల్లకాగితం మీద మిషన్ నంబర్, ధర, తేదీ, ఉన్నది ఉన్నట్టుగా అమ్మానన్న మాట రాసి ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేసి చెరొక కాపీ ఉంచుకోండి.