స్పోర్ట్ టైర్లా, స్పోర్ట్ టూరింగ్ టైర్లా?

ప్రశ్న: నా స్పోర్ట్ టూరింగ్ బైక్‌కి (వేగానికీ, దూర ప్రయాణాలకీ పనికొచ్చే రకం) ముందు 120/70, వెనక 180/55 సైజు 17 అంగుళాల టైర్లు. వెనకది మధ్యలో బల్లపరుపుగా అరిగిపోయింది, ముందుది ఇంకా బాగానే కనిపిస్తోంది. పూర్తి స్పోర్ట్ టైర్లు వేస్తే గ్రిప్ అదిరిపోతుందని ఒక ఫ్రెండ్, వెనక 190 వెడల్పుది వేస్తే లుక్కే వేరని ఇంకొకడు. నేనేమో ఎక్కువగా హైవే మీద లగేజీతో తిరుగుతాను. కొత్త టైర్లు జారతాయంటారు, అదీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు

జవాబు: హైవే, లగేజీ అని మీరే చెప్పాక ఇంక డౌటెందుకండీ, స్పోర్ట్ టూరింగ్ టైర్లే వేయించుకోండి. స్పోర్ట్ టైరు బాగా వేడెక్కితేనే తన సత్తా చూపిస్తుంది. చల్లటి పొద్దున వానలో తిన్నగా పోతుంటే దానికి ఆ వేడి అందదు, పైగా మధ్యలో రబ్బరు గబగబా అరిగిపోతుంది. టూరింగ్ రకాల్లో చాలావాటికి మధ్యలో గట్టి రబ్బరు, అంచుల వైపు మెత్తటి రబ్బరు వాడతారు, సిలికా అనే పొడి కూడా కలుపుతారు కాబట్టి తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది. మిషెలిన్ రోడ్ 6, పిరెల్లి ఏంజెల్ జీటీ 2, మెట్జెలర్ రోడ్‌టెక్ 01 ఇవన్నీ ఈ కోవలోవే. వీటిలో ఏది గొప్ప అనే వాదన ఎప్పటికీ తెగదు, మీరు మాత్రం ముందూ వెనకా ఒకే మోడల్ జత తీసుకోండి.

ముందుది బాగుందన్నారు కదా, అరచేత్తో ట్రెడ్ (రోడ్డుకి తగిలే భాగం) మీద ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపం పళ్లలా తగిలితే దాన్నీ మార్చేయండి.

190 సంగతి మర్చిపోండి. రిమ్‌కి తగని వెడల్పు టైరు ఎక్కిస్తే దాని గుండ్రదనం మారి బండి వంగడానికి మొరాయిస్తుంది. సైజు పక్కన 73డబ్ల్యూ లాంటి అంకె కూడా చూసుకోండి, 73 అంటే ఆ టైరు 365 కిలోల బరువు మోస్తుందని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని అర్థం. లగేజీతో తిరిగేవాళ్లకి బరువు అంకె ముఖ్యం, కంపెనీ చెప్పినదానికంటే తక్కువది వద్దు. డాట్ అన్న అక్షరాల వరుస చివర 1925 అని ఉంటే 2025లో 19వ వారం తయారైందన్నమాట. షాపులో ఏళ్ల తరబడి పడున్న సరుకైతే మొహమాటపడకుండా వేరేది అడగండి.

కొత్తవి జారడం నిజమే. అచ్చులోంచి వచ్చిన రబ్బరు పైన నిగనిగలాడుతూ ఉంటుంది, రోడ్డుకి రాసుకుని ఆ మెరుపు పోయేదాకా పూర్తి పట్టు రాదు. మొదటి 150 కిలోమీటర్లు సడన్ బ్రేకులూ, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పడాలూ మానేసి, మలుపుల్లో కొంచెం కొంచెంగా వాలుస్తూ వెళ్లండి. మెరుపు కోసం ట్రెడ్‌కి పాలిష్ పూసేవాళ్లుంటారు, వాళ్లకో దండం. ఇంకో విషయం, బండి మీరనుకున్నదానికంటే ముందే మలుపులోకి పడుతున్నట్టు అనిపిస్తుంది. కంగారుపడకండి, చదునైపోయిన పాత టైరుని బలవంతంగా వాల్చడానికి చేతులు అలవాటుపడిపోయాయి, అంతే.

గాలి మాత్రం టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఈ తరహా బండ్లలో చాలావాటికి ముందు 36, వెనక 42 పీఎస్ఐ ఉంటుంది, మీ బండి స్టిక్కర్ మీద ఎంతుంటే అంతే పెట్టండి. పరుగెత్తి వేడెక్కాక పెరిగిందని తీసేయకండి.

షాపు నుంచి బయల్దేరే ముందు టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా, బ్యాలెన్సింగ్ చేశారా, చెయిన్ ఉన్న బండైతే బిగువు సరిచేశారా చూసుకోండి. ఆ తర్వాత నిలబడిన చోటే రెండు బ్రేకులూ నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. చక్రం విప్పి బిగించేటప్పుడు బ్రేక్ ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటే, మొదటి నొక్కుకి లివర్ ఖాళీగా వచ్చేస్తుంది.