క్రీస్తు రాజు అంటే పోటీ ప్రభుత్వమా?

‘క్యాథలిక్కులు క్రీస్తు రాజు పండుగ చేస్తారు కదా, అంటే మీకు రాజ్యాంగం పైన ఇంకో సర్కారు ఉందా?’ అని ఒకరు నన్ను అడిగారు. నాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఒకసారి వార్డు మెంబర్‌గా కూడా చేశాను.

ముందు మా తాత సంగతి చెప్పాలి. దొర గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన మనిషి. ‘నీ బాంచెన్, కాల్మొక్తా’ అన్నాకే ఇంకో మాట. నా చిన్నప్పుడు ఒక పవిత్ర గురువారం, అంటే ఏసు తన శిష్యుల కాళ్లు కడిగింది గుర్తు చేసుకునే రోజు, పూజలో ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్లు కడుగుతున్నారు. తాత వంతు రాగానే పగుళ్ల కాలు వెనక్కి లాక్కున్నాడు. ‘వద్దయ్యా, పాపం తగులుతది’ అన్నాడు. ఫాదర్ గారు ఏమీ అనలేదు. చెంబు పట్టుకుని అట్లాగే మోకాళ్ల మీద ఉన్నారు. చివరికి తాతే కాలు ముందుకు పెట్టాడు. క్రీస్తు రాజు అంటే నాకు ఆ చెంబే గుర్తుకొస్తుంది.

పండుగ పాతదేమీ కాదు. 1925లో పదకొండో పయస్ పోపు పెట్టారు. అప్పటికి ఇటలీలో నియంత ముస్సోలినీ రాజ్యం నడుస్తోంది. పాలకులు కూడా క్రీస్తును గౌరవించాలని పోపు తన లేఖలో రాశారు, అది దాచాల్సిన పని లేదు. దాన్ని పట్టుకుని మత రాజ్యం కావాలనేవాళ్లూ ఉన్నారు, నాకు వాళ్లతో పడదు. జనం బలవంతంగా రాజును చేయబోతే ఏసు ఒంటరిగా కొండెక్కిపోయాడని బైబిల్‌లో యోహాను సువిశేషంలోనే ఉంది. విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టకూడదని 1965లో రెండో వాటికన్ మహాసభ, అంటే ప్రపంచంలోని క్యాథలిక్ బిషప్పుల సభ, కూడా తేల్చింది.

మరి బయటి జీవితంలో దీనికి పనేముంది? నేను మెంబర్‌గా ఉన్నప్పుడు పంచాయతీలో ఒక్క సీసీ రోడ్డుకే పైసలున్నాయి. లిస్టులో మా గల్లీ పేరు నేనే రాయించాను. ఆ నవంబరులో పండుగ పూజలో మత్తయి 25వ అధ్యాయం చదివారు: ఆకలిగొన్నవాడికి పెట్టింది నాకు పెట్టినట్టే అని రాజు తీర్పు చెప్పే చోటు. మా ఊరి చివరి గల్లీలో, ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన ముసలామె వానాకాలం గోడ పట్టుకుని బురదలో నడుస్తుంది. పూజ అయ్యేదాకా ఆమే కళ్ల ముందు కదిలింది. తర్వాతి మీటింగ్‌లో మా గల్లీ పేరు కొట్టేయించాను.

మా ఇంటి ముందు ఇప్పటికీ మట్టి రోడ్డే. వాన పడ్డప్పుడల్లా, ‘మీ రాజు మన ఇంటి దిక్కు రాడా?’ అని నా భార్య దెప్పుతుంది.