చిన్నా, ఆ లిస్టులో సగం కొట్టెయ్

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఎనిమిది రోజుల్లో లండన్, ఆక్స్‌ఫర్డ్, బాత్, స్ట్రాట్‌ఫర్డ్, చెస్టర్, యార్క్, ఎడిన్‌బరో, ఇన్వర్‌నెస్! మన ఊరి నుంచి కాశీ తీసుకెళ్లే బస్సువాళ్లు కూడా ఇంత తొందరపెట్టరు నాన్నా. ఫోన్లో చెప్పమన్నావు. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో చూస్తుంటావని నాకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ దేశం వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది, ఆ మాత్రం చాదస్తం భరించు.

ముందు ఆ లిస్టులో సగం కొట్టెయ్. స్ట్రాట్‌ఫర్డ్ నీ బర్మింగ్‌హామ్‌కి రైల్లో గంట ప్రయాణం. ఆక్స్‌ఫర్డ్, చెస్టర్ కూడా పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. అవి ఆదివారాలకు దాచుకో. ఇన్వర్‌నెస్ ఇంకో ఏడాది. పరీక్షలయ్యాక జూన్‌లో వెళ్తానన్నావు కాబట్టి ఇంకో మూడు రోజులు కలుపుకుని ఉత్తరం వైపు నాలుగే చోట్లు చూడు: యార్క్, రోమన్ గోడ, కెసిక్, ఎడిన్‌బరో. ఒక్కోచోట రెండు మూడు రాత్రులు పడుకో. పెద్ద బ్యాగు యాత్రికులు దిగే హాస్టల్ లాకర్లో పడేసి, చిన్న సంచితో తిరుగు. రోజుకో ఊరు మారేవాళ్లు ఊరు చూడరు, బ్యాగు మోస్తారు. పదకొండింటికల్లా ఒక హాస్టల్ ఖాళీ చేసి, మధ్యాహ్నం మూడు దాకా ఇంకో హాస్టల్ తలుపు తీయక, వానలో బ్యాగుతో కాఫీ షాపుల్లో కూర్చున్న రోజులు నాకూ ఉన్నాయి.

యార్క్‌తో మొదలుపెట్టు. బర్మింగ్‌హామ్ నుంచి నేరుగా రైలుంది. మొదటి రోజు టికెట్టు కొని ఏదీ చూడకు, ఊరి గోడ ఎక్కి నడువు. మూడు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, పైసా ఖర్చు లేదు, చీకటి పడే వేళకి గేట్లు మూసేస్తారు. కింద రోమన్లు, మధ్యలో వైకింగులు, పైన మధ్యయుగం, అన్నీ ఒకే ఊళ్లో. 306లో కాన్‌స్టంటైన్‌ని రోమన్ చక్రవర్తిగా సైనికులు ప్రకటించింది ఇక్కడే, మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి పక్కన ఆయన విగ్రహం ఉంది. ఇక్కడ గేట్ అంటే వీధి, అది వైకింగుల మాట. కోట ద్వారాన్ని బార్ అంటారు. అందుకని మికిల్‌గేట్ బార్ అని బోర్డు చూసి బీరు దొరుకుతుందని వెళ్లకు. షాంబుల్స్ అనే ఇరుకు వీధిలో అందరూ ఫొటోలు దిగుతారు. అది ఒకప్పటి కసాయి వీధి. తల పైకెత్తి చూస్తే మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇంకా కనిపిస్తాయి. పొద్దున ఎనిమిదికి ముందు వెళ్లు, తర్వాత వెళ్తే మనుషుల వీపులు తప్ప ఏమీ కనపడవు.

మిన్‌స్టర్ లోపలికి టికెట్టు ఖరీదే. కానీ సాయంత్రం అయిదు, అయిదున్నర ప్రాంతంలో ఈవెన్‌సాంగ్ అని ప్రార్థన ఉంటుంది, దానికి డబ్బులు అడగరు. పిల్లలూ పెద్దలూ కలిసి పాడుతుంటే ఆ ఎత్తయిన కప్పు కింద కూర్చుని వినొచ్చు. నేను ఏ మతం గుడికి వెళ్లినా అక్కడ పాట వినే అలవాటుదాన్ని, నువ్వూ విను. ఫోన్ సంచిలో పెట్టి, వాళ్లు లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చుంటే చాలు. ఆ వారం ఏ రోజు ఎన్నింటికో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకో. దేశంలో కెథీడ్రల్ లాంటి పెద్ద చర్చిలు చాలావాటిలో ఈ పద్ధతి ఉంది. దీనివల్ల ఎన్ని పౌండ్లు మిగుల్తాయో నువ్వే లెక్కేసుకో.

యార్క్‌లో ఉన్న మూడు రోజుల్లో ఒకటి డరమ్‌కి ఇవ్వు. రైల్లో గంటలోపే. కుడివైపు కిటికీ సీటు పట్టుకో. స్టేషన్ వచ్చే ముందు రైలు ఎత్తయిన వంతెన ఎక్కుతుంది, అప్పుడు కొండ మీద కెథీడ్రల్ మొత్తం కనిపిస్తుంది. 1093లో కట్టడం మొదలుపెట్టి నలభై ఏళ్లలో ముగించారు. ప్రవేశం ఉచితం, నీకు తోచింది డబ్బాలో వెయ్యి. తలుపు మీద సింహం మొహం లాంటి కంచు కడియం ఉంటుంది. అది నకలు, అసలుది లోపల దాచారు. పాతకాలంలో తప్పు చేసి పారిపోయి వచ్చినవాడు ఆ కడియం పట్టుకుని తలుపు కొడితే 37 రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. ఆ లోపు రాజీ చేసుకోవాలి, లేదా దేశం విడిచిపోవాలి. లోపల స్తంభాలు చూడు, ఒక్కొక్క దాని మీద ఒక్కో రకం చెక్కుడు. అక్కడ ఒక గంట ఊరికే కూర్చో. తర్వాత నది ఒడ్డున చుట్టూ నడిచి రా.

ఇప్పుడు గోడ సంగతి. హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 122లో మొదలుపెట్టించాడు. ఈ తీరం నుంచి ఆ తీరానికి 73 మైళ్లు. మొత్తం నడవక్కర్లేదు. వన్స్ బ్రూడ్ అనే చోట యూత్ హాస్టల్ ఉంది, అక్కడ రెండు రాత్రులు చాలు. వేసవిలో ఆ దారిన తిరిగే బస్సు నంబరే ఏడీ 122, ఏడీ అంటే ఇంగ్లిష్‌లో క్రీ.శ.! స్టీల్ రిగ్ నుంచి హౌస్‌స్టెడ్స్ కోట దాకా నడిచే ముక్క అన్నిటికన్నా బాగుంటుంది, కొండ అంచు మీద గోడ పాములా ఎక్కుతూ దిగుతూ పోతుంది. దారిలో ఒక పల్లంలో పెద్ద సికమోర్ చెట్టు ఉండేది. 2023 సెప్టెంబరులో ఒక రాత్రి ఇద్దరు దాన్ని రంపంతో కోసేశారు. వార్త విన్నరోజు నేను ఏడ్చాను, మీ పెదనాన్న నవ్వారు, తర్వాత ఆయనా ఊరుకున్నారు. మొదలు నుంచి మళ్లీ చిగుళ్లు వచ్చాయి. కంచె దాటి ముట్టుకోకు.

హాస్టల్ నుంచి విండొలాండా నడిచే వెళ్లొచ్చు. గోడ కన్నా ముందు నుంచీ ఉన్న రోమన్ శిబిరం అది. ఆ బురదలో 1973 నుంచి పల్చటి చెక్క ముక్కల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరుకుతున్నాయి. ఒకావిడ తన పుట్టినరోజుకి రమ్మని స్నేహితురాలికి రాసింది. ఇంకొకదాంట్లో ఎవరో సిపాయికి సాక్సులు, చెప్పులు, రెండు జతల లోదుస్తులు పంపిస్తున్నామని ఉంది. పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట! అసలు ఉత్తరాలు ఎక్కువగా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి గానీ అవి దొరికిన నేల మీద నిలబడితే ఆ చలి అర్థమవుతుంది.

సాక్సుల మాట వచ్చింది కాబట్టి బట్టలు. 1991లో నేను మొదటిసారి కెసిక్ దగ్గర క్యాట్‌బెల్స్ కొండ ఎక్కినప్పుడు జీన్స్ వేసుకున్నాను. 451 మీటర్ల కొండ, పిల్లలు కూడా ఎక్కుతారు. సగం దారిలో వాన. తడిసిన జీన్స్ బరువెక్కి మోకాళ్లకి అతుక్కుపోయి, గాలికి వణుకు పుట్టి, పళ్లు టకటకలాడుతుంటే ముక్కూ మొహం తెలియని ముసలాయన తన ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. ఆ జీన్స్ ఆరడానికి హాస్టల్లో బట్టలారేసే గదిలో రెండు రోజులు పట్టింది. కొండ మీదికి కాటన్ వద్దు. త్వరగా ఆరే ప్యాంటు, ఊలు సాక్సులు, పల్చటి స్వెట్టరు, నిజంగా నీళ్లు ఆపే కోటు. బూట్లు కొత్తవి కొంటే ఇప్పుడే కొని కాలేజీకి అవే వేసుకుని తిరుగు, కొండ మీద బొబ్బలెక్కితే ఎవరూ మోయరు. బ్యాగు మొత్తం తొమ్మిది కిలోలు దాటనివ్వకు. హాస్టల్లో దుప్పటి వాళ్లే ఇస్తారు. తువ్వాలు, తాళంకప్ప, చెవుల్లో పెట్టుకునే దూది నువ్వు తీసుకెళ్లు. పదిమంది పడుకునే గదిలో గురక పెట్టేవాడు ఒకడైనా ఉంటాడు.

కెసిక్ వెళ్లడానికి గోడ దగ్గరి హాల్ట్‌విజిల్ ఊళ్లో రైలెక్కి కార్లైల్, అక్కడి నుంచి పెన్రిత్, అక్కడ బస్సు. ఊరు చిన్నదే, డర్వెంట్‌వాటర్ సరస్సు పక్కనే. పడవలో అవతలి ఒడ్డుకి దాటి క్యాట్‌బెల్స్ ఎక్కు. ఇంకో సాయంత్రం కాసిల్‌రిగ్ రాళ్ల వలయం దగ్గరికి నడువు, టికెట్టు లేదు. జూన్‌లో తొమ్మిది దాటాక కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి అన్నం తినే వెళ్లొచ్చు. జనం పోయాక అక్కడ నువ్వూ, గొర్రెలూ, చుట్టూ కొండలూ. వాన మరీ గట్టిగా పడితే పెన్సిల్ మ్యూజియం ఉంది. నవ్వకు, బాగుంటుంది.

పొలాల్లో నడవడానికి భయపడకు. పసుపు బాణం గుర్తు ఉన్న దారిలో ఎవరి పొలమైనా సరే నడిచే హక్కు నీకుంది. ఈ హక్కులు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి మాంచెస్టర్ వైపు కార్మికులు, కుర్రాళ్లు కలిసి జమీందార్ల కాపలావాళ్లని తోసుకుని ఎక్కారు. అయిదుగురు జైలుకెళ్లారు. ఆ దారుల్లో గేటు మూసి ఉంటే మూసెయ్, తెరిచి ఉంటే తెరిచే వదిలెయ్. దూడలున్న ఆవుల మంద మధ్యలోంచి వెళ్లకు, చుట్టూ తిరిగి వెళ్లు. మన ఇంటి ఆవులనుకుని నిమరబోకు. టెంటు వేసుకోవాలని ఉందా? స్కాట్లండ్‌లో చాలాచోట్ల చట్టమే ఒప్పుకుంటుంది, ఇంగ్లండ్‌లో చాలావరకు స్థలం యజమానిని అడగాలి. అందుకే ఈసారికి హాస్టల్.

కొండ దగ్గర ఫోన్ సిగ్నల్ నమ్ముకోవద్దు. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల నారింజ అట్ట మ్యాపు ఒకటి కొనుక్కో, చదవడం నేర్చుకో. బయల్దేరే ముందు ఎటు వెళ్తున్నావో హాస్టల్ వాళ్లకి చెప్పు. ఆపద వస్తే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. ఈల వెంట ఉంచుకో, నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగాలి. పైన మబ్బు కమ్మితే వెనక్కి తిరుగు. హెల్వెలిన్ కొండ నుంచి నేను మూడుసార్లు వెనక్కి వచ్చాను, నాలుగోసారి ఎక్కాను. ఇంకో మాట, పల్లెటూళ్లలో ఆదివారం బస్సుల టైం వేరు. ఒకసారి అది చూసుకోక మూడు గంటలు బస్టాపులో కూర్చుని, చివరికి నాలుగు మైళ్లు నడిచాను.

తిండికి హాస్టల్ వంటగది ఉంది. బియ్యం, పప్పు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. సాయంత్రం సూపర్‌మార్కెట్లో పసుపు స్టిక్కర్ వేసినవి చూడు, సగం ధరకి ఇస్తారు. ఆవకాయ తీసుకెళ్తావని నాకు తెలుసు, మూత మీద టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టు. నా గోంగూర సీసా ఒకసారి బ్యాగులోనే ఒలికింది, ఆ నూనె వాసన ఎన్ని ఉతుకులకీ పోలేదు. అమ్మ నెయ్యి పంపుతానంటే మాత్రం వద్దను, ఇండియా నుంచి పాల వస్తువులు ఈ దేశంలోకి రానివ్వరు.

ఎడిన్‌బరోకి పెన్రిత్ నుంచి నేరుగా రైలుంది. రాయల్ మైల్ అనే పెద్ద వీధి మీద గళ్ల శాలువాల కొట్ల దగ్గర ఆగకు, పక్కనున్న ఇరుకు సందుల్లోకి దూరు. కోట లోపలికి వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కో. నన్నడిగితే ఆ డబ్బు దాచుకుని ఆర్థర్స్ సీట్ కొండ ఎక్కు. 251 మీటర్లు, ఊరంతా, వెనక సముద్రం కూడా కనిపిస్తుంది. నేషనల్ మ్యూజియం ఉచితం. మధ్యాహ్నం ఒంటిగంటకి కోట మీద ఫిరంగి పేలుస్తారు, ఆదివారం తప్ప. తెలియకపోతే గుండె జారిపోతుంది. ఆగస్టులో పండగలప్పుడు మాత్రం వెళ్లకు, అప్పుడు మంచం ధర వింటేనే ఆర్థర్స్ సీట్ మీది నుంచి దూకాలనిపిస్తుంది.

రైలు టికెట్లు ఈ రాత్రే చూడు. అడ్వాన్స్ టికెట్లు సాధారణంగా 12 వారాల ముందు నుంచి అమ్ముతారు, ఆలస్యమైన కొద్దీ పెరుగుతాయి. నీకు రైల్‌కార్డు వస్తుంది, మూడో వంతు తగ్గుతుంది. అది ఫోన్లో ఉంటే చార్జింగ్ అయిపోకుండా చూసుకో, చూపించలేకపోతే ఫైన్. రైలు ఆలస్యమైతే డిలే రిపే అని నష్టపరిహారం ఇస్తారు, అడుగు, మొహమాటపడకు.

లండన్ లిస్టులోంచి తీసేశానని అలగకు. అది విడిగా ఒక వారాంతం పెట్టుకో. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు ఉన్నాయి, చూసినప్పుడు సంతోషమూ కోపమూ రెండూ వస్తాయి. మరుసటి రోజు రైలెక్కి డార్కింగ్ వెళ్లు, గంట ప్రయాణం. అక్కడి శ్మశానంలో కాటన్ దొర సమాధి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి 1852కల్లా నీళ్లు మళ్లించినాయన, 1899లో ఆ ఊళ్లో పోయాడు. మీ తాతయ్య గోదావరిలో స్నానం చేస్తూ ఆయన్ని భగీరథుడని తలచుకునేవారు. నేను వెళ్లినప్పుడు ఎవరో మనవాళ్లే కాబోలు బంతిపూలు పెట్టి వెళ్లారు. దండం పెట్టుకుని, దగ్గర్లోని బాక్స్ హిల్ ఎక్కు. కింద మోల్ నది దాటడానికి రాళ్లు వరసగా పరిచి ఉంటాయి, నీళ్లు ఎక్కువగా లేకపోతే వాటి మీద నడిచి దాటొచ్చు.

నీ కాలు తొమ్మిదో సైజా, పదో సైజా? మెసేజ్ పెట్టు. రెండు జతల ఊలు సాక్సులు రేపు పోస్టులో పంపిస్తాను. లోదుస్తులు నువ్వే కొనుక్కో.

ప్రేమతో,
పెద్దమ్మ

తా.క. ఆర్థర్స్ సీట్ మీద తీసిన ఫొటో అమ్మకి పంపు. అంచున నిలబడి తీయించుకున్నది మాత్రం నాకు పంపు, అమ్మకొద్దు.